“మరీ అలవాటు పడకండి” అనే సలహాతోనే అసలు చిక్కు

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా అనాథాశ్రమంలో పుట్టినరోజు చేసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. కేకు, బిర్యానీ ప్యాకెట్లు, స్కూలు బ్యాగులు పట్టుకుని కారు దిగీ దిగగానే మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలు పరిగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకుంటారు, ఎత్తుకోమని చేతులు చాస్తారు, పది నిమిషాలు గడవకముందే “అమ్మా” అని పిలిచేవాళ్లూ ఉంటారు. వచ్చినవాళ్ల కళ్లు చెమరుస్తాయి. “ఎంత ప్రేమో చూశారా, పాపం కొత్తాపాతా లేదు” అనుకుంటూ ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఆ కొత్తాపాతా లేకపోవడాన్నే పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు ఆందోళన పడాల్సిన లక్షణంగా చూస్తారు. ఇంట్లో పెరిగే రెండేళ్ల పిల్లను ముక్కూమొహం తెలియని మనిషి ఎత్తుకోబోతే ఏం చేస్తుంది? తల్లి వెనక నక్కుతుంది, కొంగు గట్టిగా పట్టుకుంటుంది, ఇంకా దగ్గరికొస్తే ఏడుపు లంకించుకుంటుంది. ఆ ఏడుపు ఆరోగ్యమే. తనవాళ్లంటూ కొందరు ఉన్నారు కాబట్టే మిగతావాళ్లు పరాయివాళ్లయ్యారు. ఎవరు పిలిచినా ఒకేలా వెళ్లిపోయే పిల్లకు చాలాసార్లు ఆ గీత ఇంకా గీసుకోలేదని అర్థం.

ఇలాంటి పిల్లల్ని సంస్థలో ఉంచకుండా ఒక కుటుంబంలో పెట్టి కొంతకాలం పెంచడమే ఫోస్టర్ కేర్. దత్తతకూ దీనికీ చాలా తేడా ఉంది. దత్తతకు వెళ్లిన బిడ్డ చట్టప్రకారం ఆ ఇంటి బిడ్డే అయిపోతుంది, ఇంటిపేరూ ఆస్తిహక్కూ అన్నీ వస్తాయి. ఫోస్టర్ కేర్‌లో బిడ్డ ఆ ఇంట్లో ఉంటుంది, తింటుంది, అక్కడి నుంచే బడికి వెళ్తుంది, జ్వరమొస్తే ఆ ఇంటావిడే రాత్రంతా పక్కన కూర్చుంటుంది, కానీ ఎప్పుడో ఒకప్పుడు కన్నవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లొచ్చు, మరో ఇంటికి మారొచ్చు, దత్తతకు పోవచ్చు. ఇంటికి ఉండాల్సినవన్నీ ఉంటాయి, ‘ఎప్పటికీ’ అన్న భరోసా తప్ప. పిల్లల మనసు మీద ఫోస్టర్ కేర్ ప్రభావం మంచిదా చెడ్డదా అని జరిగే వాదన అంతా చివరికి ఈ భరోసా దగ్గరికే వస్తుంది.

అసలు బంధం ఎలా ఏర్పడుతుందో కాస్త చూడాలి. కడుపు నింపేవాళ్ల మీదే బిడ్డకు ప్రేమ పుడుతుందని ఒకప్పుడు చదువుకున్నవాళ్లు కూడా నమ్మేవారు. బ్రిటన్‌కు చెందిన మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చిన నివేదికలో, చంటిపిల్లలకు తిండి ఎంత అవసరమో తల్లితోనో తల్లిలాంటి మనిషితోనో తెగకుండా సాగే దగ్గరితనం కూడా అంతే అవసరమని వాదించాడు. ఆయన మాటల్లో కొన్ని అతిశయోక్తులున్నాయని తర్వాత విమర్శలొచ్చాయి, ముఖ్యంగా అంతా తల్లి మీదే పెట్టడం గురించి, అవి న్యాయమైనవే. నాన్నయినా అమ్మమ్మయినా పక్కింటి పెద్దావిడైనా పరవాలేదు, కావాల్సింది ఆ మనిషి మారకపోవడం. బిడ్డ ఏడుస్తుంది, ఒకరు వస్తారు. మళ్లీ ఏడుస్తుంది, మళ్లీ ఆ మనిషే వస్తుంది. వందలసార్లు ఇలా జరిగాక “నేను పిలిస్తే పలికేవాళ్లున్నారు” అన్న నమ్మకం మాటలు రాకముందే ఒంటికి పట్టేస్తుంది.

బౌల్బీతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ మొదట ఉగాండా పల్లెల్లోనూ తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ తల్లీపిల్లల్ని దగ్గర్నుంచి గమనించి ఒక పద్ధతి తయారుచేసింది. ఏడాది, ఏడాదిన్నర బిడ్డను బొమ్మలున్న కొత్త గదిలో కూర్చోబెట్టి, తల్లి రెండుమూడు నిమిషాలు బయటికెళ్లి తిరిగొస్తుంది. తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఏడ్చిందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు, తిరిగొచ్చాక ఏం చేసిందన్నదే చూస్తారు. ఎక్కువమంది వెళ్లి చంకెక్కి కాసేపటికి కుదురుకుని మళ్లీ ఆటలో పడతారు. కొందరు అమ్మ వచ్చిందని తెలిసినా తలెత్తి చూడరు, పైకి నిబ్బరంగా కనిపిస్తారు కానీ గుండె మాత్రం వేగంగా కొట్టుకుంటూనే ఉంటుంది. ఇంకొందరు ఎత్తుకోమని ఏడుస్తారు, ఎత్తుకుంటే కొడతారు. వీటిలో దేనిలోనూ ఇమడని పిల్లల గురించి మేరీ మెయిన్, జూడిత్ సాలమన్ 1986లో రాశారు. ఈ పిల్లలు దగ్గరికి రాబోయి మధ్యలో బిగుసుకుపోతారు, వెనక్కి నడుస్తూ వస్తారు, చేతులు చాస్తూనే మొహం తిప్పుకుంటారు. భయం పుట్టించే మనిషీ భయం పోగొట్టాల్సిన మనిషీ ఒక్కరే అయినప్పుడు ఆ బిడ్డకు ఇంకేం తోస్తుంది? ఫోస్టర్ కేర్‌కి వచ్చే పిల్లల్లో ఈ రకం మామూలు కన్నా చాలా ఎక్కువ.

ఇక రుమేనియా సంగతి. ఈ విషయంలో మనకున్న గట్టి ఆధారాలు చాలావరకు అక్కడివే. జనాభా పెంచాలని చౌషెస్కూ ప్రభుత్వం 1966లో గర్భస్రావాలను నిషేధించింది, పిల్లల్ని కనమని ఒత్తిడి పెట్టింది. పెంచే స్తోమత లేని కుటుంబాలు బిడ్డల్ని తెచ్చి ప్రభుత్వ శిశుకేంద్రాల్లో వదిలేశాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షా 70 వేల మంది దాకా పిల్లలు అలాంటి కేంద్రాల్లో ఉన్నారని లెక్క. పాలు పట్టేవారు, బట్టలు మార్చేవారు, కానీ షిఫ్టుకొక మనిషి, ఆ మనిషికి పదిమందికి పైగా పిల్లలు. ఆ గదుల్లోకి వెళ్లినవాళ్లు మొదట గమనించింది నిశ్శబ్దాన్ని. ఏడ్చినా ఎవరూ రారని తెలిసిపోయిన పిల్లలు ఏడవడమే మానేశారు.

2000 ప్రాంతంలో చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఆరు కేంద్రాల నుంచి 6 నెలల నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లల్ని తీసుకుని, చీటీలేసినట్టుగా సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకు పంపారు, మిగతా సగం మందికి అప్పటిదాకా నడుస్తున్న ఏర్పాటే కొనసాగింది. ఇది న్యాయమేనా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. అప్పటికి ఆ నగరంలో ఫోస్టర్ కేర్ దాదాపు లేనే లేదు, కాబట్టి ఉన్న అవకాశాన్ని ఎవరి దగ్గర్నుంచీ లాక్కోలేదనీ, తర్వాత ఏ బిడ్డకైనా కుటుంబం దొరికితే అడ్డుపడలేదనీ వాళ్ల జవాబు. ఇబ్బందిగా అనిపించే మాట వాస్తవమే. కానీ సాధారణంగా వచ్చే పెద్ద సందేహం, అంటే చురుకైన పిల్లలే ఇళ్లకు వెళ్లారేమో, అందుకే బాగుపడ్డారేమో అన్నది, ఈ చీటీల పద్ధతి వల్లే తొలగిపోయింది.

మూడున్నరేళ్ల వయసులో చూస్తే ఫోస్టర్ ఇళ్లలో ఉన్న పిల్లల్లో 49 శాతం మందికి పెంచినవాళ్లతో భరోసా ఉన్న బంధం ఏర్పడింది. కేంద్రాల్లో ఉండిపోయిన గుంపులో అది 17.5 శాతమే. మొదట్నుంచీ కన్నవాళ్ల దగ్గరే పెరిగిన బుకారెస్ట్ పిల్లల్లో దాదాపు 65. ఒక మామూలు కుటుంబం, ఏ మంత్రమూ మందూ లేకుండా, ఇంత తేడా తేగలిగింది. రెండేళ్లు నిండకముందే ఇంటికి వెళ్లినవాళ్లకు ఫలితం ఇంకా బాగుంది. ఇక్కడే చాలామంది తొందరపడి “రెండేళ్లు దాటితే అంతే” అని తేల్చేస్తారు. అది తప్పు. రెండేళ్ల తర్వాత తలుపు మూసుకుపోదు, తోయడానికి ఎక్కువ బలం కావాలంతే. ఎవరితోనూ కలవకుండా, ఓదార్పు కోరకుండా ఉండే లక్షణం ఏ వయసులో ఇంటికి వెళ్లినా త్వరగానే తగ్గిపోయింది. కానీ మొదట్లో చెప్పుకున్న ఆ కొత్తాపాతా లేని చనువు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు, పెంచినవాళ్లతో మంచి బంధం ఏర్పడ్డాక కూడా కొందరిలో మిగిలింది.

మైకేల్ రటర్ బృందం ఇంగ్లండ్‌లో చేసిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. రుమేనియా నుంచి దత్తతకు వెళ్లిన పిల్లల్లో ఆరు నెలల లోపే కేంద్రం వదిలినవాళ్లు మిగతా పిల్లల్లాగే ఎదిగారు. అంతకన్నా ఎక్కువకాలం ఉన్నవాళ్లలో చాలామందికి, మంచి ఇళ్లలో ఏళ్లకేళ్లు పెరిగినా, కొన్ని ఇబ్బందులు పెద్దయ్యాక కూడా ఉన్నాయి. అదే గుంపులో ఐదుగురిలో ఒకరు మాత్రం ఏ దశలోనూ ఏ సమస్యా లేకుండా ఎదిగారు. ఇలాంటి అంకెల్ని ఒక బిడ్డ నుదుటిరాతగా చదవకూడదనడానికి ఆ ఐదో మనిషి చాలు.

అంటే కేంద్రం కన్నా కుటుంబం మేలు. ఇంతవరకు పెద్దగా గొడవ లేదు. కానీ కుటుంబం అంటే ఎలాంటి కుటుంబం? అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయంలో మేరీ డోజియర్ దశాబ్దాలుగా ఫోస్టర్ తల్లుల్నీ పసిపిల్లల్నీ పరిశీలిస్తోంది. 2001లో ఆమె బృందం ప్రచురించిన అధ్యయనంలో 20 నెలల లోపు వయసులో కొత్త ఇంటికి వచ్చిన 50 మంది పిల్లలున్నారు. ఆ ఫోస్టర్ తల్లి తన చిన్ననాటి బంధాల గురించి ఎలా ఆలోచిస్తుందో, తనతో బిడ్డకు ఏర్పడిన బంధం ఎలా ఉందో పోల్చితే 72 శాతం జంటల్లో రెండూ సరిపోయాయి. కన్నతల్లుల్లో కూడా దాదాపు ఇంతే సరిపోతుంది. రక్తం ఒక్కటి కాకపోయినా, మధ్యలో ఒక బంధం తెగిపోయినా, బిడ్డ కొత్త మనిషి తీరుకు తగ్గట్టే అల్లుకుపోతోంది. మంచి వార్తే, కాకపోతే పెంచే మనిషి తీరు బాగోకపోతే దాన్ని కూడా అంతే నమ్మకంగా అల్లుకుంటుంది.

ఆమె పనిలో అన్నిటికన్నా పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. దాదాపు ఏడాది వయసు దాటాక ఇల్లు మారిన పిల్లలు తరచుగా పెంచేవాళ్లను దూరంగా తోసేస్తారు. మోకాలు చీరుకుపోయినా దగ్గరికి రారు, ఎత్తుకుంటే బిర్రబిగుసుకుంటారు, చీకటంటే భయమేసినా మంచంలో ఒక్కళ్లే కళ్లు తెరుచుకుని పడుకుంటారు. పెంచేవాళ్లు మనుషులే కదా, నాలుగుసార్లు చెయ్యి చాచి నాలుగుసార్లు తోపించుకున్నాక “వీడికి నా అవసరం లేదులే, ఒంటరిగా ఉండటమే ఇష్టమేమో” అని వెనక్కి తగ్గుతారు. బిడ్డ చిన్నప్పుడు నేర్చుకున్న పాఠం, అంటే నన్ను ఎవరూ పట్టించుకోరు అన్నది, మళ్లీ నిజమవుతుంది, అదీ మంచివాళ్ల చేతుల్లోనే. తోసేసే బిడ్డ నిజానికి ఓదార్పు వద్దని చెప్పడం లేదు, అడిగితే దొరకదని తెలుసుకున్న బిడ్డ అడగడం మానేసింది. అందుకే డోజియర్ బృందం తయారుచేసిన శిక్షణలో శిక్షకురాలు పదిసార్లు ఇంటికే వచ్చి కూర్చుని, బిడ్డ పడిపోయినప్పుడు, మొహం తిప్పుకున్నప్పుడు, ఆ క్షణంలోనే “అడగకపోయినా ఎత్తుకున్నారు చూడండి, అదే కావాలి” అని చెబుతుంది. ఉపన్యాసాలు, పాంప్లెట్లు ఉండవు. కన్నవాళ్ల దగ్గరే ఉంటూ నిర్లక్ష్యం ముప్పున్న పిల్లల కుటుంబాల్లో ఇదే శిక్షణ ఇచ్చి చూస్తే, పైన మెయిన్, సాలమన్ చెప్పిన ఆ గందరగోళపడిన బంధం ఉన్న పిల్లలు 32 శాతమే కనిపించారు. వేరే రకం శిక్షణ పొందిన కుటుంబాల్లో అలాంటివాళ్లు 57 శాతం. పది విడతల పనికి ఇది చిన్న ఫలితమేమీ కాదు.

ఇక “మరీ అలవాటు పడకండి” అనే సలహా. ఫోస్టర్ కేర్ అనగానే చుట్టాలు, ఇరుగుపొరుగు, ఒక్కోసారి అధికారులు కూడా చెప్పే మాట ఇది. రేపోమాపో వెళ్లిపోయే బిడ్డ, మమకారం పెంచుకుంటే మీకూ బాధ, దానికీ బాధ. వినడానికి ఎంతో అనుభవంతో చెప్పినట్టుంటుంది. కానీ పెద్దవాళ్లను కాపాడే ఈ సలహా బిడ్డకు దక్కాల్సిన దాన్ని లాగేసుకుంటుంది. “ఈ బిడ్డ నా దగ్గరున్నంతకాలం నా బిడ్డే” అన్న పట్టుదల పెంచేవాళ్లలో ఎంత ఉందో డోజియర్ బృందం కొలవడానికి ప్రయత్నించింది. ఎక్కువమంది పిల్లల్ని పెంచి పంపించిన ఫోస్టర్ తల్లుల్లో అది తక్కువగా కనిపించింది. అనుభవం ఎక్కువైతే పెంపకం మెరుగవుతుందని అనుకుంటాం, ఇక్కడ మాత్రం ప్రతి వీడ్కోలూ మనసును కాస్త గట్టిపరుస్తోంది. తప్పు ఆ తల్లులదని కూడా అనలేం. ఒక బిడ్డను పంపిన వారానికే ఇంకో బిడ్డను తెచ్చి అప్పగించి, ఏడవడానికి నాలుగు రోజులు కూడా ఇవ్వని ఏర్పాటుది.

మమకారం పెరిగాక విడిపోతే బిడ్డకు నష్టం లేదా? ఉంది. ఒకసారి గట్టిగా అల్లుకున్న బిడ్డ విడిపోయినప్పుడు ఏడుస్తుంది, తిండి మానేస్తుంది, కొన్ని నెలలు అల్లాడుతుంది. అయితే ఒక మనిషిని నమ్మొచ్చన్న సంగతి ఆ బిడ్డకు తెలిసింది, కొత్త మనిషిని నమ్మడానికి అది పనికొస్తుంది. ఎవరినీ నమ్మకుండా ఆరిళ్లు మారిన బిడ్డకు ఆ మాత్రం పెట్టుబడి కూడా ఉండదు. భయపడాల్సింది ఒక్క పెద్ద విడిపోవడం గురించి కన్నా పదే పదే తెగడం గురించి. ఫిలడెల్ఫియాలోని పిల్లల ఆసుపత్రికి చెందిన డేవిడ్ రూబిన్ బృందం 2007లో చూపించింది కూడా ఇదే: పిల్లలకు ముందు నుంచీ ఉన్న సమస్యల్ని లెక్కలోంచి తీసేసి చూసినా, ఒక ఇంట్లో నిలదొక్కుకోని పిల్లల్లో ప్రవర్తన సమస్యల ముప్పు 36 నుంచి 63 శాతం ఎక్కువ. అల్లరి చేస్తాడు కాబట్టి ఇళ్లు మారతాయని మనం అనుకునేది సగం నిజం. ఇళ్లు మారడం వల్ల అల్లరి పెరగడం మిగతా సగం.

ఇంటి నుంచి తీసేయడమే మంచిదా అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఎంఐటీకి చెందిన ఆర్థికవేత్త జోసెఫ్ డాయిల్ ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక తెలివైన సంగతి పట్టుకున్నాడు. ఏ కేసు ఏ అధికారికి వెళ్తుందన్నది దాదాపు లాటరీ లాంటిది, కొందరు అధికారులు పిల్లల్ని ఇంటి నుంచి తీసేయడానికి ఎక్కువ మొగ్గుతారు, కొందరు తక్కువ. ఆ తేడాని వాడుకుని చూస్తే, అటూ ఇటూ కాని కేసుల్లో పిల్లలు ఇంట్లోనే ఉండిపోయినప్పుడు తర్వాతి జీవితం మెరుగ్గా ఉంది. కొన్నేళ్ల తర్వాత జేసన్ బారన్, మ్యాక్స్ గ్రాస్ మిషిగన్‌లో అదే పద్ధతి వాడితే ఫలితం తిరగబడింది, ఫోస్టర్ కేర్‌కు వెళ్లినవాళ్లే బాగుపడ్డారు, పెద్దయ్యాక నేరాల్లో ఇరుక్కోవడం కూడా తగ్గింది. రెండు అధ్యయనాల్లో ఒకటి తప్పని కాదు. మిషిగన్‌లో పిల్లలు ఎక్కువకాలం వ్యవస్థలో ఇరుక్కుపోకుండా తిరిగి ఇళ్లకు వెళ్లారు, పిల్లలు బయట ఉన్న ఆ కాలంలో కన్నవాళ్లు కూడా కుదురుకున్నారు. ఫోస్టర్ కేర్ అని ఒకే పేరుతో పిలిచినా లోపల ఎంతకాలం, ఎన్ని ఇళ్లు, కన్నవాళ్లకు ఏం సాయం అందింది అన్న వాటిని బట్టి అది వేర్వేరు వస్తువైపోతుంది.

పెద్దయ్యాక ప్రేమలు, పెళ్లిళ్లు, స్నేహాల సంగతికొద్దాం. చిన్నప్పటి బంధమే జీవితాంతం రాసిపెట్టిన జాతకం అన్నట్టు ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చెబుతుంటాయి, “నువ్వు అవాయిడెంట్ (దూరం జరిగే) టైపా, యాంక్షస్ (వదిలేస్తారని భయపడే) టైపా” అంటూ. పరిశోధనలు అంత తేలిగ్గా తేల్చలేదు. అయినా ఫోస్టర్ కేర్‌లో పెరిగినవాళ్ల మాటల్లో కొన్ని తీరులు పదే పదే వినిపిస్తాయి. ఇల్లినాయ్, అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో వయసు నిండి ఈ వ్యవస్థ నుంచి బయటికొచ్చిన ఏడొందల మందికి పైగా యువతీయువకుల్ని మార్క్ కోర్ట్నీ బృందం 17 ఏళ్ల వయసు నుంచి 26 దాకా అనుసరించింది. వాళ్లలో కొందరితో జీనా సామ్యూల్స్ లోతుగా మాట్లాడితే, “ఎవరి మీదా ఆధారపడను” అన్నది వాళ్లకు గర్వంగానూ కవచంగానూ తేలింది. బతకడానికి అది సాయపడింది. కానీ అదే కవచం ప్రేమించిన మనిషి “ఏమైంది, చెప్పు” అని అడిగినప్పుడు నోరు తెరవనివ్వదు. ఉద్యోగం పోయినా ఇంట్లో చెప్పరు, ఒంట్లో బాగోకపోయినా ఒక్కరే ఆసుపత్రికి వెళ్తారు, చిన్న మాట తేడా రాగానే ఎలాగూ వదిలేస్తారని ముందుగా తామే బ్లాక్ చేసేస్తారు. ఇంకొందరిది దీనికి పూర్తిగా తిరగబడ్డ తీరు, పరిచయమైన నెలకే ప్రాణమిచ్చేంత దగ్గరవుతారు, మెసేజ్‌కి గంట ఆలస్యమైతే గిలగిల్లాడతారు. బయటికి రెండూ వ్యతిరేకంగా కనిపించినా లోపలున్న భయం ఒకటే.

కోర్ట్నీ బృందం అధ్యయనంలోనే మరో సంగతి బయటపడింది. ఏ ఇంట్లో ఉంటే ప్రమాదమని ప్రభుత్వం బయటికి తెచ్చిందో, వ్యవస్థ నుంచి బయటపడ్డాక చాలామంది ఆ కుటుంబంతోనే దగ్గరగా ఉన్నారు. అమ్మతో కాకపోతే అక్కతో, అక్కతో కాకపోతే అమ్మమ్మతో. కాగితాల్లో తెగిపోయిన బంధం మనసులో తెగలేదన్నమాట. చిన్నప్పుడు ఇదే ఇంకో రూపంలో బాధిస్తుంది. పెంచే తల్లి చేతి ముద్ద రుచిగా ఉందన్నా, ఆవిడ దగ్గర హాయిగా నిద్రపట్టినా, కన్నతల్లికి ద్రోహం చేసినట్టు బిడ్డకు అనిపిస్తుంది. ఆదివారం అమ్మ వచ్చి చూసి వెళ్లాక సోమవారమంతా రచ్చ చేస్తుంది. “అమ్మ వచ్చినప్పుడల్లా పిల్ల పాడైపోతోంది, రావద్దనండి” అని అడిగే ఫోస్టర్ కుటుంబాలుంటాయి. ఆ రచ్చకు కారణం అమ్మ రావడం కాదు, అమ్మ వెళ్లిపోవడం. కన్నతల్లిని తక్కువ చేసి మాట్లాడని ఇంట్లోనే బిడ్డకు ఇద్దర్నీ ప్రేమించే వీలుంటుంది.

మారే దారులున్నాయి. మిన్నెసోటాలో 1970ల్లో పేద తల్లుల పిల్లలతో మొదలుపెట్టి దశాబ్దాల పాటు సాగిన అధ్యయనంలో అలన్ స్రూఫ్, బైరన్ ఎగలాండ్ చూసింది ఇది: చిన్నప్పుడు హింస అనుభవించి కూడా తమ పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆ చక్రాన్ని ఆపగలిగిన తల్లుల జీవితాల్లో మూడు సంగతులు కనిపించాయి. చిన్నప్పుడు అండగా నిలిచిన మరో పెద్దమనిషి, ఎక్కువకాలం సాగిన కౌన్సెలింగ్, నిలకడైన జీవిత భాగస్వామి. ఒక మంచి ఫోస్టర్ ఇల్లు, ఏడాదిన్నర పాటే అయినా, ఇందులో మొదటిది కావచ్చు.

మన దగ్గర ఈ మాట కొత్తగా వినిపించినా పని పాతదే. మేనమామ ఇంట్లో పెరిగినవాళ్లు, పెద్దమ్మ దగ్గరుండి చదువుకున్నవాళ్లు ప్రతి వంశంలోనూ ఉంటారు. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన తల్లుల పిల్లల్ని అమ్మమ్మలే పెంచుతున్నారు. అమెరికాలో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ ఏడాది బిడ్డను ఊళ్లో తాతయ్య వాళ్ల దగ్గర వదిలి, మూడో ఏట తీసుకెళ్లి, “మమ్మల్ని అంకుల్, ఆంటీల్లా చూస్తోంది” అని బాధపడే తెలుగు దంపతులూ ఉన్నారు. వీటిని ఎవరూ ఫోస్టర్ కేర్ అనరు. బంధువుల ఇంట్లో పెరిగిన పిల్లలు పరాయి ఇళ్లలో కన్నా నిలకడగా ఉంటారని, ప్రవర్తన సమస్యలు తక్కువని బయటి దేశాల పరిశోధనలు కూడా చెబుతున్నాయి, కాబట్టి ఈ అలవాటు మంచిదే. కానీ మూడేళ్ల పిల్లకు అమ్మమ్మే అమ్మ అయ్యాక, విమానమెక్కించి తీసుకెళ్లడం ఆ పిల్ల లెక్కలో తల్లి దగ్గరికి చేరడం కాదు, తల్లి నుంచి విడిపోవడం. పెద్దవాళ్లు దాన్ని గుర్తిస్తే సగం పని అయినట్టే.

చట్టం వైపు చూస్తే, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్ గురించి చెబుతుంది. తోబుట్టువుల్ని వీలైనంతవరకు కలిపే ఉంచాలనీ, కన్నవాళ్లు వచ్చి చూసే వీలుండాలనీ, వాళ్లు కుదురుకున్నారని బాలల సంక్షేమ కమిటీకి అనిపిస్తే బిడ్డ తిరిగి ఇంటికి వెళ్లొచ్చనీ అందులోనే ఉంది. చదివితే బాగానే రాశారనిపిస్తుంది. 2024లో మార్గదర్శకాలు మార్చి, 35 ఏళ్లు దాటిన ఒంటరివాళ్లు కూడా ఫోస్టర్ పేరెంట్ కావొచ్చన్నారు, ఫోస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డను అదే కుటుంబం దత్తత తీసుకోవాలంటే ఉండాల్సిన గడువును ఐదేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు రూ. 4,000 సాయం ఉంది. రెండేళ్ల మార్పు చిన్నగా కనిపిస్తుంది కానీ పైన చెప్పుకున్నదంతా చూస్తే ఈ మొత్తంలో అదే అన్నిటికన్నా తెలివైన మార్పు, ఎందుకంటే బిడ్డ అల్లుకున్న ఇల్లే బిడ్డకు శాశ్వతమయ్యే దారి దగ్గరైంది.

లోపం ఇంకోచోట ఉంది. దత్తతకు అర్హులయ్యే ఆరేళ్ల లోపు పిల్లల్ని వీలైనంతవరకు ఫోస్టర్ కేర్‌కు పంపకూడదు, దత్తతకే పంపాలని మన పద్ధతి. కాగితం మీద ఇది సబబే, తాత్కాలికం కన్నా శాశ్వతం మేలు కదా. కానీ దత్తతకు ఇవ్వొచ్చని కమిటీ ప్రకటించే దాకా, కన్నవాళ్ల కోసం వెతుకులాట, విచారణ, కాగితాలు పూర్తయ్యే దాకా ఆ బిడ్డ ఎక్కడుంటుంది? శిశుగృహలో, షిఫ్టులు మారే ఆయాల చేతుల్లో. కన్నవాళ్లుండీ రాని పిల్లల విషయంలో ఇది నెలలు దాటి ఏళ్లు కూడా పడుతుంది. బుకారెస్ట్ పిల్లలు మనకు నేర్పిన పాఠం తొలి రెండేళ్ల గురించి, మన ఫోస్టర్ కేర్ ఎక్కువగా దొరికేదేమో ఆరేళ్లు దాటినవాళ్లకు. రుమేనియా 2004లోనే చట్టం చేసి రెండేళ్ల లోపు పిల్లల్ని పెద్ద కేంద్రాల్లో పెట్టడం ఆపేసింది, తీవ్రమైన వైకల్యం ఉన్న కొద్దిమంది విషయంలో తప్ప. మన శిశుగృహల్లో ఆయాలు చెడ్డవాళ్లని కాదు, చాలామంది సొంత పిల్లల్లా చూసుకుంటారు. కానీ రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగిపోయే అమ్మ ఎంత మంచిదైనా రాత్రి రెండింటికి ఉండదు. కనీసం ఒక్కో బిడ్డకు ఒక్కో ఆయాను కేటాయించి, స్నానం, అన్నం, నిద్ర ఆ ఒక్కరే చూసుకునేలా డ్యూటీ చార్టు వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. పుట్టినరోజు పార్టీలకు వారానికో కొత్త గుంపును లోపలికి పంపి ఎత్తుకోనివ్వడం ఆపడానికైతే ఒక్క పైసా ఖర్చు లేదు.

బిడ్డను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పంపేటప్పుడు కూడా ఇలాంటి చిన్న పనులే లెక్కకొస్తాయి. ఒక్కరోజులో సంతకాలు పెట్టి ఆటోలో ఎక్కించి పంపేసే బదులు, కొత్తవాళ్లు రెండుమూడు వారాల పాటు వచ్చిపోతూ, పాత ఇంట్లోనే అన్నం తినిపించి, తర్వాత ఒక రాత్రి తమ దగ్గర ఉంచుకుని, అప్పుడు తీసుకెళ్లొచ్చు. పాత దుప్పటి ఉతక్కుండా వెంట పంపొచ్చు, ఆ వాసన బిడ్డకు తెలుసు. పెంచినవాళ్ల ఫొటోలు ఇవ్వాలి. వెళ్లాక ఫోన్ చేయకూడదు, కలవకూడదు, మర్చిపోనివ్వాలి అన్న పాత పద్ధతి వల్ల బిడ్డ మర్చిపోదు, తనను వదిలేశారని అనుకుంటుంది. ఏడాదిన్నర పెంచిన మనిషి పండక్కో పుట్టినరోజుకో పిన్నిలాగా, అత్తలాగా వచ్చి వెళ్లొచ్చు, అవసరమైతే కమిటీయే తన ఆర్డర్‌లో ఒక లైను రాసి పెట్టొచ్చు.